బయట ఆరేసిన దుప్పట్లు

"ఈ ఏడాది లాభాలు బాగున్నాయి. ఇవాళ్టి నుంచి మన కరెంటు కంపెనీ పొగ కూడా సగమే" అని మేనేజరు వార్షిక నివేదిక చదవగానే, బాయిలరు ఆపరేటరు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. ఆ తగ్గిన సగం తన బాయిలరేనని, పొద్దున్నే దాన్ని శాశ్వతంగా ఆపేశారని తర్వాతి పేజీలో తెలిసింది. దాని బదులు పెట్టిన సోలారు ప్లాంటులో అతనికి పని లేదట.

భార్యకి ఎలా చెప్పాలో తోచక, ఇంటికొచ్చి అబద్ధమాడాడు.

"త్వరగా అన్నం పెట్టు. రెండింటికి షిఫ్టుకెళ్ళాలి."

ఆమె పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది. ఇంటి మీద పడే ఆ బాయిలరు మసికి భయపడి, పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఏనాడూ బట్టలు బయట ఆరేయలేదు.

"మీ బాయిలరు పొగ ఆగిపోవడం పొద్దున్నే చూశాను" అంది, వెనక్కి తిరగకుండానే. "ఆ చొక్కా కూడా విప్పి ఇలా ఇవ్వండి, ఉతికేస్తాను. ఇక మాసేది లేదుగా."