చిలక దగ్గు

“ఆ దగ్గు ఎవరిది నాన్నా?” ఫోన్ చెవికి అదుముకుంటూ అడిగింది కూతురు.

“ఇంకెవరిది తల్లీ, మన చిలకదే. నా దగ్గు నాకంటే బాగా దగ్గుతోంది,” అని నవ్వాడు తండ్రి.

ఆయన వడ్రంగి. నెల దాటినా దగ్గు తగ్గకపోతే రంపపు పొట్టు వల్లేనని కొట్టిపారేశాడు. కూతురు ఆసుపత్రిలో నర్సు, ఊరుకుంటుందా? చెవినిల్లు కట్టుకుని పోరింది. మూడు వారాలు దాటిన దగ్గుని వదిలేయకూడదంది. పొట్టు వల్ల కావచ్చు, ఆస్తమా కావచ్చు, కడుపులో పులుపు గొంతులోకి ఎగదన్నడం కావచ్చు, బీపీ మాత్ర వల్ల కూడా కావచ్చు, కానీ క్షయో అంతకంటే పెద్దదో కాదని తేల్చాల్సింది డాక్టరేనంది. రక్తం పడినా, ఆయాసం వచ్చినా, ఒళ్లు తగ్గిపోతున్నా ఆ రోజే బయల్దేరి రమ్మంది.

సరిగ్గా అప్పుడే ఆయన దగ్గు తగ్గిపోయిందట. ఆ తర్వాత ఇంట్లో వినిపించేదంతా చిలక దగ్గేనట. హాల్లో పంజరం, తలుపు అవతలే ఆయన పనిగది. వినీ వినీ నేర్చేసుకుందన్నాడు. తల్లి కూడా అవునంది. చిలక దగ్గడం కళ్లారా చూశానని, వంటింట్లో ఉంటే ఏది ఎవరి దగ్గో తెలియడం లేదని, ఈ గోల ఇక తన వల్ల కాదని విసుక్కుంది. కూతురి మనసు తేలికపడింది. వార్డులో అందరికీ ఆ ముచ్చట చెప్పి నవ్వించింది కూడా.

ఫోన్‌లో మళ్లీ దగ్గు మొదలైంది. ఈసారి తెరలు తెరలుగా వచ్చింది. ఆఖర్న ఎవరో కష్టం మీద ఊపిరి తీసుకున్నట్టు చప్పుడైంది. ఆమెకి భయం వేసింది.

“నిజం చెప్పు నాన్నా. నువ్వు కాదు కదా?”



“నీకన్నీ అనుమానాలే,” అన్నాడు బొంగురు గొంతుతో. తర్వాత హాల్లోకి కేకేశాడు. “ఒసేయ్ చిలకా, నోర్ముయ్యవే. అమ్మాయి హడలిపోతోంది.”

ఆ కసురు విని ఆమె నవ్వేసింది. తనదే చాదస్తం అనుకుంది. అమ్మకి ఫోన్ ఇవ్వమంటే, ఎక్కడికో చెప్పకుండా ఇందాకే బయటికి వెళ్లిందన్నాడు.

ఇంతలో ఆమె ఇంటి కాలింగ్ బెల్ మోగింది. ఫోన్ చెవిన పెట్టుకునే వెళ్లింది. అవతల దగ్గు వినిపిస్తూనే ఉంది. తలుపు తీసింది.

గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది, చేతిలో చిలక పంజరంతో.