వెల్లకిలా

"మళ్ళీ కదుపుతున్నావా అమ్మా! తనంతట తాను తిరిగే పిల్లాడికి భయం లేదని డాక్టరు చెప్పాడుగా. వాడు లేస్తే నా పాఠం అటకెక్కినట్టే," అని విసుక్కుంది కూతురు.

నర్సుగా రిటైరైన తల్లి వినలేదు. బోర్లా తిరిగిన ఆర్నెల్ల మనవణ్ణి ఉయ్యాల్లో వెల్లకిలా తిప్పి, పక్కనే కూలబడింది. "నువ్వు చదువు, వింటున్నా."

కూతురు రేపు కాలేజీలో చెప్పబోయే సైన్సు చరిత్ర పాఠం అందుకుంది. "పాత సిద్ధాంతాలను నమ్మినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. అప్పటి ఆధారాలకు అవే సబబు. సైన్సు తన తప్పు తానే దిద్దుకుంటుంది."

"అయితే మా తప్పేం లేదంటావా?"

"ఎవరి తప్పమ్మా?"

"పసివాళ్ళని బోర్లా పడుకోబెట్టమని బాలింతలందరికీ నేనే నేర్పాను, పద్దెనిమిదేళ్ళు. కక్కితే పాలు గొంతుకి అడ్డం పడవని పుస్తకాల్లో ఉండేది. తర్వాత కొత్త ఉత్తర్వు వచ్చింది. బోర్లా పడుకున్న పిల్లలే నిద్రలో ఎక్కువ పోతున్నారట, వెల్లకిలా పడుకోబెట్టమని. దాన్ని గోడకి అంటించిందీ నేనే."

"మీకప్పుడు తెలీదు కదా!"

"అంటిస్తుంటే నా వెనక నిలబడి ఒకావిడ చదివింది. అంతకు నెల ముందే బిడ్డ పోయింది ఆవిడకి. నన్ను పల్లెత్తు మాటనలేదు. 'మీరు చెప్పినట్టే చేశాను కదమ్మా' అంది, అంతే."

కూతురి కలం 'తన తప్పు తానే దిద్దుకుంటుంది' అన్న వాక్యం మీద ఆగిపోయింది. కొట్టేయడానికి చెయ్యి రాలేదు, ఉంచడానికి మనసొప్పలేదు.

ఉయ్యాల్లో పిల్లాడు మళ్ళీ బోర్లా తిరిగాడు.

ఈసారి కూతురే లేచింది.