నీలి దీపం

ఏ మందుకీ లొంగని పాచి ఇళ్లలో చేరాక, పొద్దున్నే సామాన్లు తోమి నీలి దీపం వేసి చూసుకోవడం అందరికీ అలవాటైపోయింది. సూక్ష్మజీవులు జిగురుగా గూడు కట్టుకున్న చోటు ఆ వెలుగులో ఆకుపచ్చగా మెరుస్తుంది. మెరిసినదాన్ని వెంటనే కాల్చేయాలి.

కుళాయి, బిందె, పాలసీసా చూసి ప్రణవి ఊపిరి పీల్చుకుంది.

"అన్నీ శుభ్రంగానే ఉన్నాయి అత్తయ్యా."

"మరి బాబుకి జ్వరం ఎందుకు తగ్గట్లేదే?"

ప్రణవి దీపాన్ని ఉయ్యాల వైపు తిప్పింది. పురుటినాడు అత్తగారు కట్టిన మొలతాడు ఆకుపచ్చగా మెరుస్తోంది. విప్పితే అరిష్టమంటే దాన్ని ఒక్కరోజూ విప్పలేదు.

కత్తెర అందుకుని తెంపేసింది. తాడు నేలమీద పడింది. మెరుపు మాత్రం బాబు నడుము చుట్టూ అలాగే ఉండిపోయింది.