ఇంటికి హారతి

ఆ కాలనీలో దెయ్యాల పండగ వచ్చిందంటే ఇళ్ళే తమంతట తామే అతిథులను భయపెట్టేవి. అతిథి ఎంత గట్టిగా అరిస్తే ఇంటికి అంత మెప్పు.

ఆ సాయంత్రం సుభద్ర వాళ్ళ ఇల్లు దీపాలార్పింది, గోడల మీద నెత్తురు పారించింది, వంటింట్లో గిన్నెలు విసిరికొట్టింది. పక్కింటి నాగభూషణం నవ్వాడు.

"ఇంతేనా చెల్లెమ్మా? మా ఇల్లయితే ఈపాటికి నా లాగు తడిపించేసేది."

ఆ మాట ఇల్లు విన్నది. అతను గది దాటుతుండగా చేతి మీద తలుపు మూసేసింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. అతను కేక పెట్టాడు. అది మెప్పనుకుని ఇల్లు ఇంకా గట్టిగా నొక్కింది. గడప మీద అసలు నెత్తురు మడుగు కట్టింది. ఆపమని సుభద్ర ఎంత అరిచినా అదీ వేడుకలో భాగమే అనుకుంది ఇల్లు.

"అరవకు అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను."

"ఎలా ఊరుకోనమ్మా, చెయ్యి తెగిపోతోంది."

భర్త మార్కండేయులు గునపంతో పొడిచినా తలుపు కదల్లేదు.

రోజూ హారతి గంట మోగగానే పనులన్నీ ఆపి, అది ముగిశాక ప్రసాదానికి వచ్చేవారి కోసం తలుపులన్నీ తెరవడం ఇంటికి సుభద్రే నేర్పింది. అది గుర్తొచ్చి దేవుడి గదికి పరుగెత్తింది. గంట వాయిస్తూ మంగళహారతి పాడింది. తలుపు నొక్కడం ఆపింది. పాట పూర్తయ్యాక తెరుచుకుంది.

నుజ్జయిన చేతికి తువ్వాలు చుడుతూ మార్కండేయులు అడిగాడు, "కర్పూరమైనా వెలిగించలేదు. ఆ హారతి ఎవరికిచ్చావే?"

"దేవుడికేనండి," అంది సుభద్ర, నెత్తుటి తలుపు వైపు చూస్తూ. "అందుకున్నది మాత్రం ఇల్లు."