కృత్తిక సెలవు

"శుక్రవారం ఒక్కరికి కూడా సెలవు లేదు!" మేనేజరు పార్థిబన్ బల్ల గుద్ది చెప్పాడు.

ఎదురుగా నిలబడ్డ వజ్రమ్మ తొణకలేదు. తిరువళ్ళూరు దగ్గరి ఆ ఫ్యాక్టరీలో కార్ల సీటు కవర్లు కుట్టే అరవైమంది ఆడవాళ్ళకూ ఆమే పెద్దదిక్కు.

"ఆ పొద్దు ఆడికృత్తిక పండగ సార్. తిరుత్తణి కొండమింద సామికి కావడి మొయ్యల్ల. ఆ పొద్దు మిషను ముందర కూచున్నా చెయ్యాడదు."

"శనివారం లోపల నాలుగు వేల కవర్లు లారీ ఎక్కకుంటే ఆర్డరు పోతాది. దాంతో నా ఉద్యోగమూ పోతాది!"

"అంతే గదా? గురువారం సాయంత్రానికే ఎక్కిస్తాము. సెలవియ్యండి."

ఆ రోజు సోమవారం. పార్థిబన్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పని వేగం పెంచాలని ఇదివరకే బహుమతి కూపన్లన్నాడు, గోడమీద 'ఉత్తమ కార్మికురాలు' అని ఫొటో తగిలించాడు. ఆయన పప్పులేవీ ఇక్కడ ఉడకలేదు. రోజుకు ఎనిమిది వందల కవర్లు దాటితే ఒట్టు. అయినా కాదంటే మాత్రం శుక్రవారం వచ్చేదెవరు? విధిలేక సరేనన్నాడు.

అంతే, ఫ్యాక్టరీ తీరే మారిపోయింది. పసుపు చీరలు, చెప్పుల్లేని కాళ్ళు, మిషన్ల హోరును మించి "హరోహరా!" అని కేకలు. టీ గంట కొట్టినా లేచేవాళ్ళు లేరు. చర్చికి వెళ్ళే సోఫియా కూడా "అక్కోళ్ళు కొండకు పోవల్ల గదా" అంటూ నాలుగు ముద్దలు మింగి మిషను దగ్గరికి పరుగెత్తేది. గురువారం మూడు గంటలకల్లా నాలుగు వేల కవర్లూ లారీ ఎక్కాయి.

పార్థిబన్ పట్టలేని సంతోషంతో చేతులు జోడించాడు. "వజ్రమ్మక్కా, నా ఉద్యోగం నిలబెట్టినారు! ఇదంతా ఎట్ల చేసినారు?"

"మొక్కుకొన్నాము సార్. పని ముగిస్తే కొండ మింద గుండు కొట్టిస్తామని."

"అరవైమందీనా?" ఆయన గుండె కరిగిపోయింది. "నాకోసమా! బస్సు నేను మాట్లాడతాను. నేనూ మీతో వస్తాను."

"మీరు రాకుంటే ఎట్ల సార్?" వజ్రమ్మ వింతగా చూసింది. "బిడ్డకు జొరమొస్తే బిడ్డ తలే గదా మొక్కుతాము. ఉద్యోగం మీదైతే మా తలలెందుకు? మొక్కింది మీ తలే!"