నలభై ఒక్క పాయింట్లు

ముప్పై నాలుగు మ్యాచ్‌లు. పంతొమ్మిది గోల్స్. మరో ఇరవై రెండు గోల్స్‌కి పాస్‌లు. మొత్తం నలభై ఒక్క పాయింట్లు. కాలేజీ ఐస్ హాకీలో, ఒక్క సీజన్‌కి, అవి చిన్న అంకెలేం కావు.

కానీ మధుమిత అంకెలకు అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. ఎడ్మంటన్‌లో ఆమె తినే తిండే ఆ లెక్కలది. ఒక్కో గోల్‌నీ విప్పి చూసింది. అవతలి జట్టులో ఒకడు పెనాల్టీకి బయట కూర్చున్నప్పుడు కొట్టినవే పదకొండు. మిగిలిన ఎనిమిదిలో ఆరు, లీగులో అట్టడుగున ఉన్న రెండు జట్ల మీద. పైగా కుర్రాడి వయసు ఇరవై రెండు. పెద్ద లీగులకు వెళ్ళేవాళ్ళు చాలామంది ఆ వయసుకే వెళ్ళిపోతారు.

ఆమె తేల్చాల్సింది ఒక్కటే. క్రిస్టో ప్రొఫెషనల్ స్థాయి ఆటగాడా, కాదా? రిపోర్టు నచ్చితే ఏడాది కాంట్రాక్టు ఇస్తామన్నారు.

అప్పుడే ఫోన్ మోగింది.

“వందనాలమ్మా. క్రిస్టో వాళ్ళ నాన్నని, ఎలియాజరుని. కాగితాల్లో నీ పేరు చూశా. మన తెలుగమ్మాయేనని ప్రాణం లేచొచ్చింది.”

“అంకుల్, మీరు నాతో మాట్లాడకూడదు.”

“రెండే నిమిషాలు తల్లీ. మైనస్ ముప్పై చలిలో, పొద్దున్నే అయిదింటికి, పదమూడేళ్ళపాటు రింకుకి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళా. మావాడిది ప్రొఫెషనల్ ఆటేనని రాయమ్మా. వాడి బతుకంతా నీ రిపోర్టు మీదే ఉంది.”

వెనక నుంచి “డాడ్, ప్లీజ్, హ్యాంగ్ అప్” అని ఓ కుర్రగొంతు వినిపించింది.

మధుమిత ఫోన్ పెట్టేయాల్సింది. పెట్టేయలేదు. ఆ భీమవరం మాట విని ఎన్నాళ్ళయిందో!

“సీజన్ చివర్లో గోల్స్ బాగా తగ్గాయి కదంకుల్, ఎందుకని?” అంది మెల్లగా.

“మోకాలమ్మా! నవంబరు నుంచీ వాపు. మాత్రలేసుకుని ఆడాడు. కోచ్‌కి చెప్పలేదు, డాక్టరుకీ చూపించలేదు. కుంటుకుంటూనే నలభై ఒకటి చేశాడంటే వాడి సత్తా ఏంటో ఆలోచించు! మనమ్మాయివి కాబట్టి నీ ఒక్కదానికే చెబుతున్నా.”

“అలాగే అంకుల్. చూస్తాను.”

“దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ.”

పాపం, పెద్దాయన చేజేతులా కొడుకు గొంతు కోశాడు. కోశానని కూడా తెలియదు. మధుమితకి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా వేళ్ళు ఆగలేదు. ‘మోకాలికి పాత గాయం ఉన్నట్టు తండ్రే చెప్పారు. దాచిపెట్టి ఆడాడు. ప్రొఫెషనల్ స్థాయి అవకాశం నూటికి మూడు’ అని టైపు చేసింది.

కాఫీ చల్లారిపోయింది. ఒకసారి మొదటినుంచీ చదువుకుంది. ఒక్క అంకె కూడా తప్పు లేదు.

ఆ రిపోర్టును, కిందటేడు క్రిస్టో కారును గుద్ది అతని కాళ్ళు రెండూ పడిపోయేలా చేసిన ట్రక్కు తరఫున, ఆటలో అతను సంపాదించగలిగేదానికి కట్టాల్సిన నష్టపరిహారం ఎంత తగ్గించొచ్చా అని కాచుకుని కూర్చున్న ఇన్సూరెన్స్ కంపెనీకి పంపేసింది.