పదకొండింటికి రమ్మన్న మనిషి

వరసలో ముప్ఫై ఒక్కమంది కూర్చుని ఉన్నారు. ముప్ఫై రెండోవాడు ఎవరినీ అడక్కుండా నేరుగా మేనేజరు గది తలుపు దగ్గరికి నడిచాడు.

వరసలో కూర్చున్న ఒకామెకు ఒళ్లు మండింది.

"ఏమండోయ్, ఇక్కడున్న మేమంతా మనుషుల్లా కనబడట్లేదా?"

ఆయన ఆగాడు. యాభై దాటిన మనిషి. చొక్కా ఇస్త్రీ చేసే ఉంది గానీ కాలరు అరిగిపోయింది. చంకలో లావుపాటి ఫైలు.

"నన్ను పదకొండింటికి రమ్మన్నారమ్మా."

"అందర్నీ రమ్మన్నారు. మేం పొద్దున ఆరింటి నుంచీ పడిగాపులు కాస్తున్నాం."

ఆయన వచ్చి ఆమె పక్కన గోడకానుకుని నిలబడ్డాడు.

రెండేళ్ల మాంద్యం తర్వాత ఆ ఊళ్లో ఒక కంపెనీ గేటుకు 'పనివాళ్లు కావలెను' అన్న బోర్డు ఎక్కడం ఇదే మొదలు. తీసుకునేది పన్నెండు మందిని. ఇది కూడా రాకపోతే వచ్చే నెల నుంచి ఆమె కూతురి చదువు ఆగిపోతుంది. మొన్న కంపెనీవాళ్లే ఫోన్ చేసి రమ్మన్నారు. తన వివరాలు ఎవరిచ్చారని ఆమె అడగలేదు. అడిగితే ఉన్నదీ పోతుందేమోనని భయం.

"ఇంతకుముందు ఎక్కడ చేసేవారమ్మా?" మెల్లగా అడిగాడాయన.

"సీసాల ఫ్యాక్టరీలో. తనిఖీ సెక్షన్. తొమ్మిదేళ్లు."

ఆయన తల దించుకున్నాడు.

"ఏడాదిన్నర కిందట ఒక్క కాగితం ముక్కతో ఇంటికి పంపారు." ఆమె ఆ కాగితం తీసి ఆయన ముఖం ముందు ఆడించింది. "సంతకం చేసిన దొరగారి ముఖం కూడా ఎప్పుడూ చూళ్లేదు. ఇదిగో, సంతకం చివర కొక్కెంలా ఈ తోకొకటి. దొరికితే కడిగేద్దామని దాచుకున్నా."

"ఎదురుపడే ధైర్యం లేకపోయిందేమో."

"వెనకేసుకొస్తున్నారు, మీకేమన్నా చుట్టమా?"

గోడ గడియారం పదకొండు కొట్టింది. ఆయన మళ్లీ తలుపువైపు కదిలాడు.

ఈసారి ఆమె లేచి అడ్డంగా నిలబడింది.

"చెబితే అర్థం కాదా? ఇలాంటి పైరవీల వల్లే మా బతుకులు ఇలా ఏడిశాయి. తీసేసేటప్పుడూ మీరే లోపల, తీసుకునేటప్పుడూ మీరే లోపల."

ఆ మాట వరస మొత్తానికీ అంటుకుంది. అందరూ లేచారు. బయటికి పంపమని అరిచారు. గార్డు వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

ఆయన పెనుగులాడలేదు. ఫైలు మాత్రం గార్డు చేతిలో పెట్టాడు.

"ఇది మేనేజరుగారికివ్వు బాబూ. ఈవిడ వంతు వచ్చేలోపు ఇస్తే చాలు."

నా వంతుతో నీకేం పని అనుకుంది ఆమె. పీడా విరగడైందని కూర్చుంది. ఏడాదిన్నర తర్వాత ఎవరో ఒకరి మీద గెలిచినట్టనిపించింది.

పన్నెండున్నరకు ఆమెను పిలిచారు. మేనేజరు ఆ ఫైలే ముందు పెట్టుకుని ఉన్నాడు.

"సోమవారం నుంచి పనిలోకి రండి. మీ పాత ఫ్యాక్టరీ మూతపడింది, మీ పని గురించి చెప్పేవాళ్లే లేరు. ఆయన ముందే జాబితా ఇవ్వకపోతే మిమ్మల్ని పిలిచేవాళ్లమే కాదు, ఇవాళ ఈ ఫైలులో మీ పని గురించి రాసివ్వకపోతే తీసుకునేవాళ్లమూ కాదు."

"ఆయనెవరండీ?"

"మూడు నెలల నుంచి వారం వారం వచ్చి మీ ఫ్యాక్టరీవాళ్లకు పని ఇమ్మని ప్రాణం తీశారు. తన కోసం ఒక్క మాటా అడగలేదు. నేనే ఉండబట్టలేక ఇవాళ పదకొండింటికి రమ్మన్నాను, స్టోర్సులో ఒక ఖాళీ ఉంటే. ఫైలు గార్డుకిచ్చి వెళ్లిపోయారట. మా పైవాళ్లు అరగంట చూసి ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశారు."

ఆమె తలుపువైపు తిరిగి చూసింది.

"కాలరు అరిగిన చొక్కా..."

"ఆయనే. మీకు తెలుసా?"

"తెలియదండీ," అంది. ఇన్నాళ్లూ ఎవరెవరి మీదో పెట్టుకున్న కోపమంతా తిరిగొచ్చి ఆమె మీదే పడింది.

మేనేజరు ఫైలులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. అందులో ఆమె పేరు, చేసిన తొమ్మిదేళ్లు, ఒకే ఒక్క వాక్యం: 'ఈమె కళ్లు దాటి పగిలిన సీసా ఒక్కటీ బయటికి పోలేదు.'

ఆ వాక్యం కింద, ఏడాదిన్నరగా ఆమె రోజూ తిట్టుకుంటున్న సంతకం, కొక్కెం తోకతో సహా ఉంది.